కాలువ నీటికి పంట తెలియదు

భీమవరంలో చెరువు పట్టుబడి అయ్యాక నాలుగు డబ్బులు మిగిలిన రొయ్యల రైతు, అమలాపురంలో కొబ్బరి తోట ఆదాయాన్ని పిల్లల చదువుకని దాచే ఉపాధ్యాయుడు, కాకినాడలో పదవీ విరమణ చేసిన గుమస్తా. గోదావరి డెల్టాలో ఒకప్పుడు వీళ్ల ముందున్న దారులు మూడే: భూమి, బంగారం, బ్యాంకు డిపాజిట్. వడ్డీకి తిప్పడం నాలుగోది, దాన్ని పైకి చెప్పుకునేవారు కాదు. ఈ పదేళ్లలో, నెలనెలా కొంత సొమ్మును ఫండ్‌లో వేసే ‘సిప్’ అనే మాట వీళ్ల సంభాషణల్లోకి వచ్చి కూర్చుంది. దాని వెంట ఒక నమ్మకమూ వచ్చింది. ఇండెక్స్ ఫండ్లలోకి నెలనెలా డబ్బు వస్తూనే ఉంది. ఆ ఫండ్లు నిఫ్టీ (దేశంలోని యాభై పెద్ద కంపెనీల సూచీ) కంపెనీల షేర్లు కొనక తప్పదు. కాబట్టి ఆ షేర్ల ధరలు పెరగక తప్పదు. వినడానికి సబబుగానే ఉంటుంది. మూడు మాటల్లో మొదటి రెండూ నిజం కూడా. చిక్కంతా ఆ ‘కాబట్టి’లో ఉంది.

ఇండెక్స్ ఫండ్ అంటే సొంత బుర్ర వాడనని ఒట్టు పెట్టుకున్న ఫండ్. ఏ కంపెనీ బాగుంది, ఏది బాగోలేదు అని అది చూడదు. ఒక సూచీని పట్టుకుని, అందులో ఏ కంపెనీకి ఎంత వాటా ఉంటే తన డబ్బులో అంత వాటాను ఆ కంపెనీలో పెడుతుంది. అమెరికాలో జాన్ బోగల్ 1976లో సామాన్య మదుపరుల కోసం ఇలాంటి ఫండ్ తెచ్చినప్పుడు 15 కోట్ల డాలర్లు వస్తాయని ఆశిస్తే 1.13 కోట్లే వచ్చాయి. నవ్వినవాళ్లు నవ్వారు. 2023 చివరికి అదే దేశంలో సూచీల వెంట నడిచే ఫండ్లలోని సొమ్ము, నిపుణులు ఏరి కొనే ఫండ్లలోని సొమ్మును దాటిపోయింది. మన దేశంలో నిఫ్టీని అనుసరించే తొలి ఈటీఎఫ్ (షేరులాగే ఎక్స్ఛేంజీలో కొని, అమ్మగలిగే ఫండ్) 2001 డిసెంబరులో వచ్చినా చాలాకాలం దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 2015 ఆగస్టులో ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ తన కొత్త పెట్టుబడుల్లో 5 శాతాన్ని ఈటీఎఫ్‌లలో పెట్టడం మొదలుపెట్టి, 2017కల్లా దాన్ని 15 శాతానికి పెంచడంతో కథ మారింది. షేరు మార్కెట్ అంటే జూదమని ఇప్పటికీ నమ్మే చక్కెర మిల్లు కార్మికుడి పీఎఫ్ సొమ్ములో కూడా కొంత భాగం నిఫ్టీ కంపెనీలకు చేరింది. ఆయనను ఎవరూ అడగలేదు.

ఈ డబ్బు ఎలా పారుతుందో చెప్పడానికి డెల్టాలో పోలికను వెతుక్కోనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847–52 మధ్య ఆనకట్ట కట్టించాడు. ఇప్పుడు ఆ స్థానంలో 175 గేట్ల బ్యారేజీ ఉంది. అక్కడి నుంచి నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు చీలుతుంది. ప్రధాన కాలువ నుంచి బ్రాంచి కాలువకు, బ్రాంచి కాలువ నుంచి తూము గుండా పంట బోదెకు. తూము ఎంత పెద్దదన్నది దాని కింది ఆయకట్టును బట్టి ఉంటుంది. వంద ఎకరాల తూముకు వంద ఎకరాలకు సరిపడా నీరు, పదెకరాల తూముకు పదెకరాలకు సరిపడా నీరు. ఆ ఎకరాల్లో మార్టేరు స్వర్ణ వరి పొట్ట మీద ఉందా, తుంగ మొలిచిందా, సగం పొలాన్ని చెరువుగా తవ్వేశారా అన్నది కాలువకు పట్టదు.

ఇండెక్స్ ఫండ్ డబ్బూ అంతే. నిఫ్టీలో ఒక కంపెనీకి దక్కే వాటా, దాని షేర్లలో మార్కెట్లో చేతులు మారగలిగినవాటి మొత్తం విలువను బట్టి ఉంటుంది. కంపెనీని పెట్టి నడిపే ప్రమోటర్లూ ప్రభుత్వమూ పట్టుకుని కూర్చున్న షేర్లను లెక్కలోంచి తీసేస్తారు. మిగిలినదాన్నే ఫ్రీ ఫ్లోట్ అంటారు. బొంబాయి ఎక్స్ఛేంజీ సూచీ సెన్సెక్స్ 2003 నుంచి, నిఫ్టీ 2009 నుంచి ఈ పద్ధతిలో నడుస్తున్నాయి. లాభమెంత, అప్పెంత, యాజమాన్యం ఎలాంటిది అన్న ప్రశ్నలు ఆ లెక్కలో రావు. అందుకే 50 కంపెనీల నిఫ్టీలో మొదటి పది కంపెనీల వాటాయే సగానికి మించి ఉంటుంది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు, ఐసీఐసీఐ బ్యాంకు, రిలయన్స్ మూడూ కలిసి కొన్నేళ్లుగా పావువంతుకు పైనే. నిఫ్టీ ఫండ్‌లో వెయ్యి రూపాయలు వేసినవారు డబ్బును యాభై చోట్లకు పంచానని అనుకుంటారు. నిజానికి అందులో ఐదు వందలకు పైగా పది ఇళ్లకే వెళుతుంది.

ఇక్కడే ఒక పొరపాటు ఆలోచన పుడుతుంది. ధర పెరిగిన షేరుకు సూచీలో వాటా పెరుగుతుంది కదా, అప్పుడు ఫండ్ దాన్ని ఇంకా కొనాలి కదా, కొంటే ధర ఇంకా పెరుగుతుంది కదా అంటారు. చిన్న లెక్క వేసి చూడవచ్చు. మూడే కంపెనీలున్న సూచీ ఒకటి అనుకుందాం. వాటి ఫ్రీ ఫ్లోట్ విలువలు 600, 300, 100 కోట్లు. ఫండ్‌లోకి 10 కోట్లు వచ్చాయి. అది 6, 3, 1 చొప్పున కొంది. ఇప్పుడు మొదటి కంపెనీ ధర పది శాతం పెరిగింది. దాని విలువ 660 కోట్లు, సూచీ మొత్తం 1,060 కోట్లు, అందులో దాని వాటా 62.3 శాతం. ఫండ్ చేతిలోని 6 కోట్లు కూడా తమంతట తామే 6.6 కోట్లయ్యాయి, ఫండ్ మొత్తం 10.6 కోట్లు, వాటా అదే 62.3 శాతం. ఒక్క షేరు కొనలేదు, ఒక్కటి అమ్మలేదు. ధర మారినంత మాత్రాన ఇండెక్స్ ఫండ్ కదలదు. పెరిగిన దాని వెంట పరుగెత్తే గుణం దానికి లేదు. ఆ నింద వేయాల్సింది మనుషుల మీద.

ఆ పది కోట్లతో ఫండ్ కొన్నది మూడు కంపెనీల్లోనూ సరిగ్గా ఒక్కో శాతమే. అంటే కొత్త డబ్బు వచ్చినప్పుడు అది సూచీలోని అన్ని కంపెనీలనూ ఒకే దామాషాలో తాకుతుంది. రాముడి పొలానికి ఎక్కువ, సోముడి పొలానికి తక్కువ అన్న పక్షపాతం కాగితం మీద లేదు. ఉన్నదల్లా ఆయకట్టు లోపల ఉన్నవారికీ బయట ఉన్నవారికీ మధ్య తేడా.

అయితే వచ్చిన డబ్బు మొత్తం మార్కెట్‌ను ఎంత లేపుతుంది? పాత పాఠ్యపుస్తకాల జవాబు: దాదాపు ఏమీ లేపదు. ఎవరైనా ధర మించి కొంటుంటే, విలువ తెలిసినవాళ్లు అమ్మి ధరను మళ్లీ కిందికి దించుతారు. జేవియర్ గబే, రాల్ఫ్ కోయెన్ అనే ఆర్థికవేత్తలు 2021లో దీన్ని తిరగేశారు. అమెరికా షేర్లలోకి బయటి నుంచి ఒక డాలరు వస్తే మొత్తం షేర్ల విలువ సుమారు ఐదు డాలర్లు పెరుగుతోందని వాళ్ల అంచనా. ఆ అంకె మీద తగవు ఇంకా తీరలేదు గాని, దాని వెనకున్న కారణం మాత్రం తేలికగా అర్థమవుతుంది. మార్కెట్లో డబ్బు పెట్టిన సంస్థల్లో చాలావాటికి ఇంత శాతం షేర్లలో ఉంచాలి అన్న కట్టుబాటు ఉంటుంది. ధర కాస్త పెరిగిందని అవి అమ్మేయవు. అమ్మేవాళ్లు కొద్దిమందే ఉన్నప్పుడు కొనేవాడు ధర పెంచక తప్పదు. అంటే మొదట చెప్పుకున్న నమ్మకం పూర్తిగా గాలిమాట కాదు. ప్రవాహానికి బలం ఉంది. కానీ అది ప్రవాహానికున్న బలం; ఫండ్ చేతిలో ఇప్పటికే ఉన్న నిల్వకు కాదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే సగం గందరగోళం.

ప్రవాహం ఒక్క కంపెనీ మీద పడే సందర్భం ఒకటుంది. సూచీలోకి కొత్త కంపెనీ వచ్చినప్పుడు, పాతది పోయినప్పుడు. నిఫ్టీకి ఇది మామూలుగా ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. జనవరి, జూలై నెలాఖరుల వరకు ఉన్న లెక్కలు తీసి, నాలుగు వారాల ముందు ప్రకటించి, మార్చి, సెప్టెంబరు నెలాఖర్లలో మార్పు చేస్తారు. సూచీ వెంట నడిచే ఫండ్లన్నీ అప్పుడు ఒకదాన్ని కొనాలి, ఇంకోదాన్ని అమ్మాలి. తమ లెక్కకూ సూచీ లెక్కకూ పైసా తేడా రాకూడదు కాబట్టి ఇవి ముందురోజో మర్నాడో కొనవు. ముగింపు ధరకే కొనాలని చూస్తాయి. మన ఎక్స్ఛేంజీల్లో ముగింపు ధరను చాలాకాలంగా చివరి అరగంట లావాదేవీల సగటుతో లెక్కగడుతూ వచ్చారు. అందుకే అలాంటి రోజున మధ్యాహ్నం మూడింటి దాకా కునుకు తీస్తున్నట్టున్న షేరులో, మూడు దాటగానే లాకులు ఎత్తినట్టు లావాదేవీలు వచ్చి పడతాయి.

1986లో ఆండ్రీ ష్లైఫర్ ఒక పక్క, లారెన్స్ హారిస్, ఐటాన్ గురెల్ ఇంకో పక్క అమెరికా సూచీలో కొత్తగా చేరిన షేర్లను పరిశీలించి, ప్రకటన వెలువడగానే ధర సుమారు 3 శాతం పెరుగుతోందని చూపారు. కంపెనీ నిన్నటిదే, లాభం నిన్నటిదే. మారింది జాబితాలో పేరు మాత్రమే. 1990లలో ఈ పెరుగుదల సగటున 7.4 శాతానికి చేరింది. ఇండెక్స్ ఫండ్లు ఇంకా పెరిగాయి కాబట్టి ఇప్పుడు 15 శాతం ఉండాలి. లేదు. గత దశాబ్దంలో అది ఒక శాతం కంటే కిందికి పడిపోయిందని రాబిన్ గ్రీన్‌వుడ్, మార్కో సామన్ లెక్క తేల్చారు. ఫండ్ల చేతిలోని షేర్లు పెరిగాయి, వాటి వల్ల వచ్చే కుదుపు తగ్గింది.

ఈ వింతకు జవాబు రావులపాలెం అరటి మార్కెట్లో దొరుకుతుంది. కార్తీక మాసంలో అరటిపండుకు గిరాకీ పెరుగుతుందని అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఆ మాసానికి అందేలా గెల వచ్చే లెక్క చూసి పిలకలు నాటేవారున్నారు, దూరప్రాంతాల నుంచి ముందే సరుకు మాట్లాడిపెట్టుకునే వ్యాపారులున్నారు. కార్తీక సోమవారం నాడు పొద్దున్నే నిద్ర లేచి ‘అబ్బ, ఈ రోజు ధర పెరిగిందే’ అని ఆశ్చర్యపోయేవాడు కొత్తవాడు. సూచీ మార్పులూ అలాగే అయ్యాయి. నియమాలు బహిరంగం, తేదీలు బహిరంగం. ఏ కంపెనీ లోపలికి వస్తుందో ప్రకటనకు ముందే బ్రోకరేజీ సంస్థలు అంచనా వేసి రాస్తాయి. వాళ్లు ముందే కొనిపెట్టుకుని, చివరి అరగంటలో ఫండ్లకు అమ్ముతారు. పెరుగుదల ఎక్కడికీ పోలేదు, నెలల ముందుకు జరిగి పలచబడింది. ఆ ముందు కొన్నవాడి లాభం ఎవరి జేబులోంచి వస్తుందంటే, ముగింపు ధరకు కొని తీరతానని ముందే చాటింపు వేసిన ఫండ్ మదుపరి జేబులోంచే. ఇండెక్స్ ఫండ్ ఖర్చు తక్కువ అని చెప్పే కరపత్రాల్లో ఈ ఖర్చు కనబడదు.

సూచీ నుంచి పోవడం కూడా అనుకున్నంత గండమేమీ కాదు. 2024 సెప్టెంబరు 30 నుంచి దివీస్ ల్యాబ్స్‌ను నిఫ్టీ 50 నుంచి తప్పించారు. కాకినాడ జిల్లా తొండంగి వైపు ఆ సంస్థ కొత్త ప్లాంటు ఉండటంతో ఈ ప్రాంతంలో ఆ పేరు తెలియనివారు తక్కువ. ఫండ్లన్నీ అమ్మాయి. తర్వాతి నెలల్లో నిఫ్టీ దిగజారుతుంటే దివీస్ షేరు పెరిగింది. మందుల ముడిసరుకుకు గిరాకీ ఎలా ఉందన్నది ఆ ధరను నడిపింది. జాబితాలో పేరు కాదు.

ఫండ్లు ఇరుక్కుపోయే సందర్భాలు వేరే ఉన్నాయి. 2023లో రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ విడిపోయినప్పుడు రిలయన్స్ షేరున్న ప్రతి ఇండెక్స్ ఫండ్‌కూ కొత్త షేర్లు వచ్చిపడ్డాయి. ఆగస్టు 21న అది లిస్టయింది. సూచీలో దానికి శాశ్వత స్థానం లేదు. నియమం ప్రకారం కొన్ని రోజుల్లో తీసేయాలి. తీసేసే నాటికి ఫండ్లు అమ్మాలి. ఇదంతా అందరికీ తెలుసు. అమ్మక తప్పని స్థితిలో ఉన్నవాడి సరుకును ఎవరు మాత్రం మంచి ధరకు కొంటారు? వరుసగా మొదటి మూడు రోజులూ షేరు, ఒక రోజులో పడటానికి అనుమతించిన 5 శాతం కింది పరిమితికి దిగి ఆగిపోయింది. అలా ఆగిపోతే తొలగింపు వాయిదా వేయాలని ఇంకో నియమం. వాయిదా పడింది. ఆ వారంలో కంపెనీ వ్యాపారంలో మారింది ఏమీ లేదు. ఇక్కడ ధరను నడిపింది అచ్చంగా సూచీ నియమమే. ఆ కుదుపు మాత్రం నిలవలేదు: అదే షేరు 2025 మార్చిలో తన సొంత అర్హతతో నిఫ్టీ 50లోకి వచ్చింది.

హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు సంగతి దీనికి రెండో వైపు. విదేశీ ఫండ్లు అనుసరించే ఎంఎస్‌సీఐ సూచీలో ఒక కంపెనీ వాటా, అందులో విదేశీయులు ఇంకా ఎంత కొనడానికి వీలుందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. 2024 జూలై మొదట్లో వచ్చిన వాటాదారుల వివరాల్లో విదేశీ వాటా తగ్గి, ఇంకా కొనే వీలు పెరిగినట్టు కనబడింది. ఎంఎస్‌సీఐ ఒక్క అక్షరం మార్చకముందే, వెంటనే షేరు కొత్త గరిష్ఠానికి ఎగిరింది. ఆగస్టులో ఎంఎస్‌సీఐ నిజంగానే వాటా పెంచింది. కాకపోతే ఒక్కసారిగా కాక రెండు విడతల్లో పెంచుతామంది. ఆ మర్నాడు షేరు 3 శాతానికి పైగా పడింది. డబ్బు వస్తుందన్న వార్తకు పడటం! ముందే కొనిపెట్టుకున్నవాళ్లు ఆశించినంత రాలేదని పడింది. మార్కెట్లో నీరు వచ్చేది వేరు, నీరు వస్తుందని నారు పోసుకోవడం వేరు; ధర కదిలేది నారు పోసుకున్నప్పుడు.

ఇంతవరకు చెప్పుకున్నది కొనడం, అమ్మడం గురించి. ఇక ఊరికే పట్టుకుని కూర్చోవడం గురించి. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది ఇదే, అసలు విషయమూ ఇదే.

మళ్లీ రావులపాలెం. తెల్లవారుజామున సైకిళ్ల మీదా ఆటోల్లోనూ గెలలు దిగుతాయి. కర్పూరం ఒక వరస, చక్కెరకేళి ఒక వరస, బొంత ఇంకో వరస. కొనేవాడు గెలను తొడిమ పట్టి ఒకసారి తిప్పుతాడు, హస్తాలు లెక్కపెడతాడు, కింది హస్తంలో కాయ చిన్నబడిందేమో చూస్తాడు, ఒక ధర అంటాడు. రైతు వినిపించుకోనట్టు పక్కకు చూస్తాడు. కొనేవాడు రెండడుగులు వేసి వెనక్కి తిరుగుతాడు. ఇలా ఓ వంద బేరాలు నడిచేసరికి ‘ఈ రోజు ధర’ అనేది ఒకటి ఏర్పడుతుంది. ఇప్పుడు ఒక వ్యాపారి వచ్చి, ‘గెలలు చూడను, బేరం ఆడను, ఎంత నడుస్తోందో అంతకే, వచ్చినదాంట్లో వందకు పది నాకు’ అన్నాడనుకుందాం. ఏమీ కాదు. మిగతా వాళ్ల బేరాల మీద అతను ఉచితంగా సవారీ చేస్తాడు, తెలివైన పనే. అలాంటివాళ్లు సగం మంది అయినా పెద్ద తేడా రాకపోవచ్చు. తొంభై అయిదు మంది అలా అయితే? అప్పుడు మార్కెట్ మొత్తానికి ధర చెప్పేది మిగిలిన అయిదుగురు. ఆ అయిదుగురిలో ఒకడు ఆ పూట ఇంట్లో గొడవపడి వచ్చినా కోనసీమ అరటి ధర మారిపోతుంది.

శాన్‌ఫోర్డ్ గ్రాస్‌మన్, జోసెఫ్ స్టిగ్లిట్జ్ 1980లో చెప్పింది ఇదే చిక్కుముడి. ధరల్లో సమాచారమంతా ముందే ఇమిడి ఉంటే సమాచారం కోసం ఖర్చు పెట్టేవాడు ఉండడు. ఖర్చు పెట్టేవాడు లేకపోతే ధరల్లో సమాచారమే ఇమడదు. కాబట్టి బేరమాడేవాళ్లు పూర్తిగా మాయం కారు. ధర తప్పినకొద్దీ బేరానికి లాభం పెరిగి, మళ్లీ ఎవరో ఒకరు దిగుతారు.

ఇండెక్స్ ఫండ్ల చేతిలో షేర్లు ఉండటం షేరు ధర దిశను నిర్ణయించదు. ధరను నిర్ణయించేవాళ్ల సంఖ్యను తగ్గిస్తుంది. వంద షేర్లున్న కంపెనీలో ప్రమోటర్ల దగ్గర 50, ఇండెక్స్ ఫండ్ల దగ్గర 10, ఏళ్ల తరబడి కదలని పెద్ద సంస్థల దగ్గర 15 ఉంటే, రోజువారీ ధర ఆ మిగిలిన 25 షేర్ల చుట్టూ తిరుగుతుంది. మంచి వార్త వచ్చినా, చెడ్డ వార్త వచ్చినా ఆ 25లోనే సర్దుకోవాలి. మంచికీ చెడుకీ రెంటికీ ఊపు పెరుగుతుంది. లోతు తగ్గిన కాలువలో చిన్న పడవ వెళ్లినా గట్టు తడుస్తుంది కదా. ఈటీఎఫ్‌ల చేతిలో ఎక్కువగా ఉన్న షేర్లలో రోజువారీ ఒడిదొడుకులు ఎక్కువని 2018లో అమెరికా షేర్ల మీద అచ్చయిన ఒక పరిశోధన చూపింది. ‘ఇండెక్స్ ఫండ్లు కొంటున్నాయి, ఇక ఇది నిలకడగా ఉంటుంది’ అనే మాటకు ఇది సరిగ్గా ఎదురు.

ఇంకో ఫలితం, షేర్లన్నీ ఒకేసారి ఊగడం. కేజీ బేసిన్ గ్యాస్ గాడిమొగ దగ్గర రిలయన్స్ టెర్మినల్‌కూ, ఓడలరేవు దగ్గర ఓఎన్‌జీసీ టెర్మినల్‌కూ చేరుతుంది. రెండు కంపెనీలూ నిఫ్టీలో ఉన్నాయి. బావి ఒత్తిడి, గ్యాస్ ధర, ప్రభుత్వ నిర్ణయం, వీటిని బట్టి ఓఎన్‌జీసీ షేరు కదలాలి. కానీ సముద్రాల అవతల ఎవరో భారత్ ఫండ్‌లో తమ వాటా అయిన యూనిట్లను అమ్ముకున్న రోజున, ఓడలరేవులో ఏ వాల్వూ కదలకుండానే ఓఎన్‌జీసీ ధర తగ్గుతుంది. అదే నిమిషంలో సిగరెట్ల కంపెనీ, సబ్బుల కంపెనీ, బ్యాంకు కూడా తగ్గుతాయి. అమ్మినవాడికి వీటిలో దేనిమీదా ఫిర్యాదు లేదు. మూట విప్పకుండా మూట మొత్తం అమ్మాడు, అంతే.

మూట విప్పి చూడకపోవడానికి ఖరీదు ఎంతో భీమవరం ప్రాంతానికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ గడ్డ మీద పుట్టిన రామలింగరాజు స్థాపించిన సత్యం కంప్యూటర్స్ నిఫ్టీలోనూ సెన్సెక్స్‌లోనూ ఉండేది. 2009 జనవరి 7న లెక్కలు తప్పని ఆయనే లేఖ రాశారు. ఒక్కరోజులో షేరు నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. సూచీల నుంచి కొద్ది రోజుల్లోనే తీసేశారు. ఇండెక్స్ ఫండ్ మదుపరి ముందు రోజు దాకా పట్టుకుని, అడుగున అమ్మాడు. అదానీ ఎంటర్‌ప్రైజెస్ 2022 సెప్టెంబరు 30న శ్రీ సిమెంట్ స్థానంలో నిఫ్టీలోకి వచ్చింది. ఆ షేరు అప్పటికే బాగా పెరిగి ఉంది. అలా పెరగడం వల్లనే పరిమాణం పెరిగి అర్హత వచ్చింది. 2023 జనవరి 24న అదానీ గ్రూపు మీద ఆరోపణలు చేస్తూ అమెరికా సంస్థ హిండెన్‌బర్గ్ నివేదిక వెలువడిన తర్వాత పది రోజుల్లో సగానికి మించి పడింది. ఆ నివేదిక నిజమా కాదా అన్నది ఇక్కడి చర్చ కాదు. ఇండెక్స్ ఫండ్‌కు ఆ ప్రశ్న వేసుకునే అధికారమే లేదన్నది చర్చ. పెరిగాక కొనమంటే కొంది, పడుతుంటే చూసింది. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి: రెండు సందర్భాల్లోనూ యాభైలో ఒకటీ అరా మునిగినా మూట మొత్తం మునగలేదు. ఆ ఒక్క షేరులోనే ఇంటి డబ్బంతా పెట్టినవాళ్లకు ఆ అదృష్టం లేదు.

మన దేశంలో ఈ ధోరణి ఎంత ముదిరింది? 2024 మధ్యనాటికి సూచీల వెంట నడిచే ఫండ్లలో బంగారం ఈటీఎఫ్‌ల వంటివి కలుపుకుని 10 లక్షల కోట్ల రూపాయలు ఉన్నాయి, మ్యూచువల్ ఫండ్ల మొత్తంలో ఆరో వంతు. అమెరికాతో పోలిస్తే బేరమాడేవాళ్లు ఇంకా నిండుగా ఉన్నట్టే. అయితే బేరమాడుతున్నట్టు కనబడేవాళ్లందరూ నిజంగా ఆడుతున్నారా అన్నది అనుమానమే. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2017 నియమాల ప్రకారం లార్జ్ క్యాప్ (పెద్ద కంపెనీల) ఫండ్ తన సొమ్ములో కనీసం 80 శాతాన్ని మొదటి వంద కంపెనీల్లోనే పెట్టాలి. సూచీ కంటే వెనకబడితే మేనేజరుకు మాట వస్తుంది. సూచీతో పాటు మునిగితే రాదు. దాంతో పేరుకు ఏరి కొనే ఫండ్లు కూడా సూచీ గట్టు మీదనే నడుస్తుంటాయి. రుసుము మాత్రం బేరానికి తీసుకున్నట్టే తీసుకుంటాయి.

ఆయకట్టు బయట ఏం జరుగుతుందో చూడాలంటే ఇంటి పక్కనే ఉంది. తణుకులో 1947 నుంచి ఉన్న ఆంధ్రా షుగర్స్, కాకినాడ నుంచి రొయ్యలు ఎగుమతి చేసే అపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ రెండూ లిస్టయిన కంపెనీలే; నిఫ్టీ 50 దరిదాపుల్లో లేవు. తణుకు ఉద్యోగి నిఫ్టీ ఫండ్‌లో వేసే ప్రతి రూపాయీ ముంబయి బ్యాంకుల వంటి పెద్ద కంపెనీల షేర్లకే చేరుతుంది, తన ఊరి మిల్లుకు ఒక్క పైసా రాదు. కాలువ మొదట్లో ఊళ్లు మునుగుతుంటే శివారు చేలు నెర్రెలిచ్చినట్టు. అమెరికా 2025లో మన రొయ్యల మీద సుంకాలు పెంచినప్పుడు ఎగుమతి కంపెనీల షేర్లు ఆ వార్తకు నేరుగా దెబ్బతిన్నాయి. నెలనెలా వచ్చి అడ్డుపడే సిప్ డబ్బు వాటికి లేదు. కానీ శివారుకు ఒక వీలు కూడా ఉంది. ఎవరూ చూడని చోట చూసేవాడికి విలువ ఉంటుంది. తెల్లమచ్చ వైరస్ ఏ మండలంలో దిగిందో, ఏ కౌంట్ రొయ్యకు ధర పెరిగిందో భీమవరం రైతుకు తెలిసినంత త్వరగా ముంబయి విశ్లేషకుడికి తెలియదు. ఆ రైతు మాత్రం తెలిసిన రొయ్యను వదిలి, తెలియని యాభై కంపెనీల మూట కొంటున్నాడు. తప్పని చెప్పలేం, చెరువు ఒక్కటే పోతే సర్దుకోవచ్చు, చెరువూ షేరూ ఒకేసారి పోతే కష్టం.

కాలువ పోలిక ఒక చోట తెగిపోతుంది. కాలువ వెనక్కి పారదు, ఇండెక్స్ ఫండ్ పారుతుంది. మదుపరులు యూనిట్లు వెనక్కి ఇచ్చేస్తే, ఫండ్ ఏ దామాషాలో కొన్నదో అదే దామాషాలో అమ్మాలి. మంచి కంపెనీని ఉంచుకుని చెడ్డదాన్ని వదిలించుకునే వీలు లేదు. అప్పుడు ఆ 25 షేర్ల చుట్టూ తిరిగే కొద్దిమందే వాటిని అందుకోవాలి. మన దేశంలో ఇండెక్స్ ఫండ్ల నుంచి అంత పెద్ద వెనకనడక ఇంకా రాలేదు. దాని నమూనా మాత్రం విదేశీ డబ్బు రూపంలో ఒకసారి కనబడింది. నిఫ్టీ 2024 సెప్టెంబరు 27న 26,277 దాకా వెళ్లింది. అక్టోబరులో విదేశీ సంస్థలు సుమారు లక్ష కోట్ల రూపాయల షేర్లు అమ్మేశాయి. సిప్‌ల ద్వారా ఆ ఒక్క నెలలోనే 25 వేల కోట్లకు పైగా వచ్చాయి, దేశీయ సంస్థలు విదేశీయులు అమ్మినదాన్ని దాదాపు అంతా కొన్నాయి. అమ్మినంతా కొనేవాళ్లు ఉన్నారు కదా, ధర ఎందుకు పడాలి? నెల తిరిగేసరికి నిఫ్టీ 24,205 దగ్గర ఉంది. కొనేవాళ్లు దొరికారు, శిఖరం కంటే దాదాపు ఎనిమిది శాతం తగ్గించి అడిగారు.